అవును, ప్లాటినం విషమే

"కీమో అంటే ఒంట్లోకి విషం ఎక్కించడమే కదా డాక్టరుగారూ?" అన్న ప్రశ్న నాకు ట్రంకు రోడ్డు మీద మందుల దుకాణం ముందు, పెళ్ళి పందిళ్ళలో, రైల్వే స్టేషనులో పదే పదే ఎదురవుతూ ఉంటుంది. అడిగేవారు నేను కాదంటాననీ, ఏవో తియ్యని మాటలు చెప్పి పంపిస్తాననీ అనుకుంటారు. నేను కాదనను. అవును, విషమే. ముఖ్యంగా ప్లాటినం లోహంతో తయారైన సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ అనే మూడు మందులూ నిస్సందేహంగా విషాలే. అయితే ఆ విషం కణంలో ఎక్కడికి వెళుతుందో, ఏ పరమాణువును పట్టుకుంటుందో, పట్టుకున్న చోట దేనిని వంచుతుందో శాస్త్రానికి తెలుసు. తెలిసిన ఆ సంగతిని రోగికి చెప్పని వైద్యుడి మీద, ఆ మౌనాన్ని ఆసరా చేసుకుని "విషం మానెయ్యి, నా భస్మం తిను" అనే వ్యాపారి మీద ఈ వ్యాసం. ఇద్దరి మీదా నాకు కోపమే. మొదటివాడు నా వృత్తి సోదరుడు కనుక అతని మీద కాస్త ఎక్కువ.

కొంతకాలం కిందట కావలికి పడమరగా ఉన్న ఒక మెట్ట గ్రామం నుండి ఒక వ్యవసాయ కూలీ మా వరండాలోకి వచ్చింది. వయసు యాభై లోపు. గర్భాశయ ముఖద్వార కాన్సరు, మూడవ దశ. ఒక పెద్ద ఆసుపత్రిలో కరెంటు పెట్టడం మొదలుపెట్టి, దానితో పాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ సెలైను ఎక్కించాలని రాశారు. రెండు వారాలు చేయించుకుంది. వాంతులు, నీరసం. పక్క వీధివారెవరో "నీకు ఎక్కిస్తున్నది లోహమమ్మా, రక్తం విరిగిపోతుంది" అన్నారు. ఇంకెవరో ఒక "వైద్యుడి" చిరునామా ఇచ్చారు. ఆయన స్వర్ణభస్మమని చెప్పి పొట్లాలు ఇచ్చాడు. చికిత్స ఆగిపోయింది. నాలుగు నెలల తరువాత ఎడమ కాలు తొడదాకా వాచి నా దగ్గరకు వచ్చింది.

"ఆ సెలైను ఎందుకు పెడుతున్నారో ఆసుపత్రిలో చెప్పలేదా తల్లీ?" అని అడిగాను. "చీటీ మీద వేలిముద్ర వేయించుకున్నారు సారూ, అంతే" అంది. ఆ చీటీ సంచిలోనే ఉంది. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషు.

ఆ చీటీలో లేని కథను ఇక్కడ చెబుతాను. కాస్త ఓపికగా చదవండి. ఇందులో మీకు అర్థం కానిది ఏదీ లేదు.

సిస్‌ప్లాటిన్ కాన్సరు కోసం పుట్టిన పదార్థం కాదు. 1844లో మికేలె పెయ్‌రోనె అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు దానిని తయారుచేశాడు. చాలాకాలం దానిని పెయ్‌రోనె లవణమనే పిలిచేవారు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దాని ఆకృతిని ఊహించి చెప్పాడు. మధ్యలో ఒక ప్లాటినం పరమాణువు, చుట్టూ చతురస్రపు నాలుగు మూలలలో రెండు అమోనియాలు, రెండు క్లోరైడులు. ఆ తరువాత డెబ్బై ఏళ్ళు అది రసాయన శాస్త్రగ్రంథాలలో ఒక ఉదాహరణగా మిగిలిపోయింది. 1960లలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, విద్యుత్తు కణవిభజన మీద ఏమి ప్రభావం చూపుతుందో తెలుసుకుందామని, బాక్టీరియా పెరుగుతున్న ద్రవంలో ప్లాటినం కడ్డీలు పెట్టి కరెంటు ప్రవహింపజేశాడు. బాక్టీరియా చావలేదు. చిత్రంగా, విడిపోవడం మానేసి దారాల్లాగా సాగిపోయాయి, కొన్ని మామూలు పొడవుకు మూడు వందల రెట్ల దాకా. అది కరెంటు మహిమ కాదని తరువాత తేలింది. కడ్డీల నుండి కొద్దిగా కరిగిన ప్లాటినం, ద్రవంలోని అమ్మోనియం క్లోరైడుతో కలిసి కొత్త సమ్మేళనాలుగా మారింది. ఆ సంగతి 1965లో ప్రచురితమయింది. కణవిభజనను ఆపగలిగినది కాన్సరును కూడా ఆపవచ్చునన్న ఆలోచనతో ఎలుకల మీద ప్రయోగించారు. 1969లో కణితులు కరిగాయన్న ఫలితం వచ్చింది. 1971లో మొదటిసారి మనుషులకు ఇచ్చారు. 1978 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

ఈ తేదీలను పాండిత్యం కోసం చెప్పడం లేదు. బాక్టీరియా నుండి ఎలుకకు, ఎలుక నుండి మనిషికి, మనిషి నుండి అనుమతికి పదమూడేళ్ళు పట్టింది. ఆ నడుమ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని ఆ మందును దాదాపు పక్కన పెట్టే పరిస్థితి కూడా వచ్చింది. ఆ వైఫల్యాలన్నీ అచ్చులో ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. భస్మం పొట్లం ఇచ్చినవాడిని "నీ మందు ఎవరికి పనిచేయలేదు?" అని అడిగి చూడండి. అతని దగ్గర ఆ పుస్తకం ఉండదు.

ఇక అసలు విషయానికి వద్దాం. మన ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే రెండు పేటల తాడు ఉంటుంది. జువ్వలదిన్నె రేవులో పడవ తాడు చూసిన వారికి ఇది సులువుగా బోధపడుతుంది: రెండు పేటలు ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసుకుని, వాటి మధ్య నిచ్చెన మెట్లలాగా అడ్డుకమ్మీలు ఉంటాయి. ఆ మెట్లను కట్టేవి నాలుగు రకాల క్షారాలు: అడినైన్, థైమిన్, గ్వానైన్, సైటోసిన్. కణం రెండుగా విడిపోయే ముందు ఈ తాడు మెలిక విప్పుకుని, ప్రతి పేటకూ సరిజోడు పేటను తయారుచేసుకోవాలి. ఈ పని కాన్సరు కణాలు ఆగకుండా చేస్తూ ఉంటాయి. వాటి బలమూ అదే, బలహీనతా అదే.

రక్తంలో ఉప్పు ఎక్కువ, అంటే క్లోరైడు ఎక్కువ. అందువల్ల రక్తంలో ఉన్నంతసేపూ సిస్‌ప్లాటిన్ తన రెండు క్లోరైడులనూ వదలకుండా నెమ్మదిగా ఉంటుంది. కణం లోపల క్లోరైడు రక్తంలో ఉన్నదానిలో అయిదో వంతు కూడా ఉండదు. లోపలికి అడుగుపెట్టగానే ఆ రెండు క్లోరైడులూ ఊడిపోయి, వాటి స్థానంలో నీటి అణువులు చేరతాయి. అప్పుడు ప్లాటినానికి ధనావేశం వస్తుంది, రెండు చేతులు ఖాళీ అవుతాయి. డీఎన్ఏ తాడుకు ఋణావేశం. ఆ ఆకర్షణతో దగ్గరకు చేరిన ప్లాటినం, గ్వానైన్‌లో బయటికి కనబడుతూ ఉండే ఏడవ స్థానపు నత్రజనిని ఒక చేత్తో పట్టుకుంటుంది. రెండవ చేత్తో పక్కనే ఉన్న మరో గ్వానైన్‌ను పట్టుకుంటుంది. ఇలాంటి పట్లలో సుమారు 65 శాతం ఒకే పేట మీద పక్కపక్కన ఉన్న రెండు గ్వానైన్‌ల మధ్య, మరో 25 శాతం అడినైన్‌కూ గ్వానైన్‌కూ మధ్య ఏర్పడతాయి. ఎదురెదురు పేటలను కలిపి కుట్టేసేవి చాలా తక్కువ, నూటికి రెండు మూడు.

పక్కపక్కన ఉన్న రెండు మెట్లను గట్టిగా ఒకచోటికి లాగి కట్టేస్తే నిచ్చెన ఏమవుతుంది? వంగుతుంది. డీఎన్ఏ కూడా అంతే. కట్టు పడిన చోట తాడు ఒక పక్కకు ఒరిగి, కొంత మెలిక విడిపోతుంది. కొలిచే పద్ధతిని బట్టి ఆ వంపు 30 డిగ్రీల నుండి 80 డిగ్రీల దాకా ఉంటుందని లెక్క. 1995లో అమెరికాలో స్టీఫెన్ లిపార్డ్ ప్రయోగశాలవారు ఆ వంగిన డీఎన్ఏను స్ఫటికంగా మార్చి, ఎక్స్ కిరణాలతో చిత్రం తీసి చూపించారు. ఎవరి ఊహా కాదు, కంటికి కనబడే చిత్రం. వంగిన చోట తాడు ఒక పక్క వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆ సందులోకి కొన్ని ప్రోటీన్లు వచ్చి ఆనుకుని, మరమ్మతు చేసే ప్రోటీన్లను దగ్గరకు రానివ్వవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. నకలు తీసే యంత్రం ఆ వంపు దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. కణం ముందు మరమ్మతుకు ప్రయత్నిస్తుంది. కుదరకపోతే తనను తాను చంపుకుంటుంది. రోజెన్‌బర్గ్ బాక్టీరియా దారాలుగా ఎందుకు సాగాయో ఇప్పుడు తెలిసింది కదా. వాటికి విడిపోయే దారి మూసుకుపోయింది.

కణంలోకి చేరిన ప్లాటినంలో డీఎన్ఏ దాకా వెళ్ళేది సుమారు నూటికి ఒక వంతు మాత్రమే. మిగిలినది ఇతర ప్రోటీన్లనూ అణువులనూ అంటుకుంటుంది. దుష్ఫలితాల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి.

భస్మవాదులకు నా ప్రధాన ప్రశ్న ఇక్కడే ఉంది. సిస్‌ప్లాటిన్‌కు ఒక కవల ఉంది, పేరు ట్రాన్స్‌ప్లాటిన్. అదే ప్లాటినం, అవే రెండు అమోనియాలు, అవే రెండు క్లోరైడులు. బరువులో పిసరంత తేడా లేదు. ఒకటే తేడా: సిస్‌ప్లాటిన్‌లో రెండు క్లోరైడులూ పక్కపక్క మూలలలో ఉంటాయి, ట్రాన్స్‌ప్లాటిన్‌లో ఎదురెదురు మూలలలో ఉంటాయి. చేతులు ఎదురెదురుగా ఉన్నందువల్ల అది పక్కపక్కన ఉన్న రెండు గ్వానైన్‌లను పట్టుకోలేదు. ఫలితం? కాన్సరు మీద అది పనికిరాని పదార్థం. పరమాణువులన్నీ అవే అయి, అమరిక మారినందుకే మందు మందు కాకుండా పోతే, "లోహమే కదా, ఆసుపత్రిలో ఇచ్చినా నేను ఇచ్చినా ఒకటే" అనే మాటకు విలువ ఏమిటి? "మాదీ బంగారమే, శుద్ధి చేసిన లోహమే" అంటే ఏ రూపంలో, ఏ అమరికలో, కణంలో దేనిని పట్టుకునే లోహం? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కాన్సరు రోగి చేతిలో పొట్లం పెట్టడం నేరమని నా అభిప్రాయం. కాన్సరును నయం చేస్తామని ప్రకటించుకోవడం అయితే అభిప్రాయం కాదు, చట్టప్రకారమే నేరం. 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం జాబితాలో కాన్సరు ఉంది. అయినా బస్టాండు గోడల మీద ఆ ప్రకటనలు వెలుస్తూనే ఉన్నాయి.

నేను ఆయుర్వేదానికి శత్రువును కాను. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుండే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే రెండు గొప్ప కాన్సరు మందులు వచ్చాయి. చైనా వైద్యుల పాషాణం నుండి వచ్చిన ఆర్సెనిక్ ట్రయాక్సైడు ఇవాళ ఒక రకం రక్తకాన్సరుకు ప్రధాన ఔషధం. అవి పరీక్షకు నిలబడ్డాయి, నెత్తిన పెట్టుకున్నాం. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ వృషణ కాన్సరుకు మొదలుపెట్టిన చికిత్సలో సిస్‌ప్లాటిన్ లోహం నుండి, విన్‌బ్లాస్టిన్ మొక్క నుండి, బ్లియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి వచ్చాయి. "ప్రకృతిసిద్ధం", "రసాయనం" అన్న గొడవ ఆ సెలైను సీసాలో ఎక్కడుంది? ఒళ్ళంతా పాకిన వృషణ కాన్సరు వచ్చిన యువకులలో అంతకు ముందు పదిమందికి ఒకరు బతకడం కష్టం. ఆ చికిత్స వచ్చాక సుమారు ఏడెనిమిది మంది బతికి బయటపడ్డారు. మన క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు 2012లో కీమోథెరపీ జరిగింది ఆ ఐన్‌హార్న్ పర్యవేక్షణలోనే. అదే సంవత్సరం మళ్ళీ భారత జట్టులో ఆడాడు.

కాన్సరు కణాన్ని ఆకలితో మాడ్చి చంపవచ్చునని తొలి దారి చూపినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే బాల్టిమోరుకూ బోస్టనుకూ పేరు తెచ్చిన కీమోథెరపీ యుగం మొదలయిందని కొందరు చెబుతుంటారు. బాల్టిమోరు మాట నాకు నచ్చదు, బోస్టను మాట నిజం: అక్కడ సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తకాన్సరు మీద దాని ఫలితాలు ప్రకటించాడు. అదీ విషమే. ఆయనను తలచుకుని గర్వపడే మనం, ఆయన దారిలో వచ్చిన మందును "విషం" అని పారబోయడం ఏ తర్కమో నాకు బోధపడదు.

సరే, విషమన్నాను కదా, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. డీఎన్ఏ కాన్సరు కణంలోనే కాదు, అన్ని కణాలలోనూ ఉంది. ప్లాటినానికి మంచి చెడు తెలియదు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కనుక అక్కడి కణాలలో పేరుకుని వాటిని గాయపరుస్తుంది. అందుకే మందుకు ముందూ వెనుకా సీసాల కొద్దీ ఉప్పునీటి సెలైను ఎక్కిస్తారు. "ఊరికే బిల్లు పెంచడానికి నీళ్ళు ఎక్కించారు" అని ఆరోపించినవారు ఉన్నారు. అయ్యా, ఆ నీళ్ళే మీ మూత్రపిండాలకు రక్ష. ఆ నీళ్ళు లేకుండా మందు ఎక్కిస్తే అప్పుడు తగవు పెట్టుకోండి. ప్రతి విడతకూ ముందు రక్తంలో క్రియాటినిన్ చూశారా అని అడగండి. మెగ్నీషియం పడిపోతే కండరాలు పట్టేస్తాయి, దానినీ అడగండి.

మన ప్రాంతంలో మరొక ప్రమాదం ఉంది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చాక ఒళ్ళు నొప్పులనో జ్వరమనో ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళతారు. ఆయన అలవాటు ప్రకారం డైక్లోఫెనాక్ ఇంజెక్షనో, జెంటామైసినో, అమికాసినో పొడుస్తాడు. మామూలు మనిషికి అది గడిచిపోవచ్చు. సిస్‌ప్లాటిన్ తీసుకున్న మనిషికి అది మూత్రపిండాల మీద రెండో దెబ్బ. ఆ చివరి రెండు మందులకూ, సిస్‌ప్లాటిన్‌కూ చెవిని దెబ్బతీసే గుణం కూడా ఉంది. సిస్‌ప్లాటిన్ లోపలి చెవిలో నెలల తరబడి, ఏళ్ళ తరబడి నిలిచిపోతుందని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. చెవిలో హోరు మొదలయితే "వయసు కదా" అని ఊరుకోకుండా ఆ రోజే చెప్పండి. కీమో మధ్యలో జ్వరం వస్తే ఆర్‌ఎంపీ గడప తొక్కకండి, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

వాంతులు ఒకప్పుడు ఈ మందుకు పెద్ద శాపం. 1990లలో వచ్చిన ఆండన్‌సెట్రాన్ వంటి మందులతో చాలావరకు అదుపులో ఉంటాయి. ఇంకా ఆగకపోతే వాటికి తోడు వేసే మందులు ఉన్నాయి. వాంతుల వల్ల చికిత్స మానుకున్నారంటే చాలా సందర్భాలలో అది రోగి తప్పు కాదు, వాంతుల మందు సరిగా రాయని వైద్యుడి తప్పు. అరికాళ్ళ తిమ్మిరి మటుకు మొండిది. చికిత్స ఆపిన తరువాత కూడా కొన్ని నెలలు పెరగవచ్చు. పెళ్ళి కావలసిన యువకులకు ఈ మందు మొదలుపెట్టే ముందే వీర్యం భద్రపరచుకునే అవకాశం ఉందని చెప్పాలి. మన వైద్యులు సిగ్గుతో ఆ మాట దాటవేస్తారు.

పెద్దపేగు, జీర్ణాశయ కాన్సర్లకు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ తత్త్వం వేరు. అది మూత్రపిండాలను అంతగా బాధించదు, నరాలను బాధిస్తుంది. ఆ మందు ఎక్కిన తరువాత కొన్ని రోజులు చల్లనిది తాకితే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లనిది తాగితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగినట్టు భయం పుడుతుంది. మే నెల ఎండలో ఇంటికి వచ్చిన రోగికి ప్రేమతో ఫ్రిజ్‌లోని మజ్జిగ ఇస్తారు, ఆ రాత్రి ఇల్లంతా గగ్గోలు. కుండనీళ్ళు కూడా వద్దు, మామూలు నీళ్ళు ఇవ్వండి. ఇక్కడ ఒక రసాయన విశేషం: సిస్‌ప్లాటిన్‌ను ఉప్పునీటి సెలైనులోనే కలపాలి, ఉప్పులేని నీటిలో దాని క్లోరైడులు ముందే ఊడిపోతాయి. ఆక్సాలిప్లాటిన్‌ను ఉప్పునీటిలో కలపకూడదు, అక్కడ క్లోరైడు దానిని చెడగొడుతుంది. దానికి గ్లూకోజు సీసా కావాలి. పక్కపక్క మంచాల మీద ఇద్దరికి వేర్వేరు సీసాలు ఎందుకు వేలాడుతున్నాయో ఏ నర్సమ్మనైనా అడగవచ్చు. కార్బోప్లాటిన్ మూత్రపిండాల మీద, చెవుల మీద దయగా ఉంటుంది కాని రక్తఫలకికలను పడగొడుతుంది.

ఇంత బాధ పడితే ఫలమెంత? ఇక్కడ వైద్యులు చెప్పే అబద్ధాల గురించి చెప్పాలి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు గర్భాశయ ముఖద్వార కాన్సరు మూడవ దశలో ఉన్న 850 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కరెంటు మాత్రమే, రెండవ జట్టుకు కరెంటుతో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. ఫలితాలు 2018లో వచ్చాయి. అయిదేళ్ళ తరువాత మొదటి జట్టులో నూటికి 46 మంది, రెండవ జట్టులో 54 మంది జీవించి ఉన్నారు. తేడా ఎనిమిది. "కీమోతో గ్యారంటీగా తగ్గిపోతుంది" అనే వైద్యుడు ఆ 46 మంది మృతులను దాచిపెడుతున్నాడు. "కీమో వల్ల ఏమీ లాభం లేదు" అనేవాడు ఆ ఎనిమిది మంది తల్లులను చంపుతున్నాడు. అంకె ఉన్నది ఉన్నట్టు చెబితే మన పల్లెటూరి మనుషులు అర్థం చేసుకోలేరా? వడ్డీ లెక్క నోటితో వేసేవారికి నూటికి ఎనిమిది అర్థం కాదా?

కరెంటుతో కలిపి ఎందుకు ఇస్తారన్నదీ డీఎన్ఏ వంపుతోనే తెలుస్తుంది. కరెంటు, అంటే రేడియేషను, డీఎన్ఏ తాడును తెంపుతుంది. కాన్సరు కణం దానిని అతికించుకోవాలని చూస్తుంది. అప్పటికే ప్లాటినం కట్లతో వంగి ఉన్న తాడును అతికించడం కష్టం. రెండు దెబ్బలూ ఒకే కాలంలో పడాలి. రెండు వారాలు చేయించుకుని, రెండు నెలలు మాని, మళ్ళీ మొదలుపెడతానంటే ఆ లెక్క తప్పుతుంది. నా దగ్గరకు వచ్చిన ఆ తల్లికి ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఆగేదేమో. ఆమె ఇప్పుడు లేదు. పూర్తిగా చేయించుకుని ఉంటే 54 మందిలో ఉండేదో, 46 మందిలో ఉండేదో నేను చెప్పలేను. ఆ లెక్కలో చేరే అవకాశమే ఆమెకు దక్కలేదు.

మన కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు వచ్చే పొగాకు గురించి వేరే రాయాలి. దాని ఫలితంగా వచ్చే నోటి, గొంతు కాన్సర్లలోనూ కరెంటుతో కలిపి ఇచ్చేది ముఖ్యంగా సిస్‌ప్లాటినే. మూత్రపిండాలో చెవులో బలహీనంగా ఉండి అది పడనివారికి బదులుగా డోసిటాక్సెల్ ఇవ్వవచ్చునని చూపినదీ టాటావారి పరిశోధనే. కనుక "సిస్‌ప్లాటిన్ పడదు, ఇక ఇంటికి తీసుకుపొండి" అని ఎవరైనా అంటే అక్కడితో ఆగకండి.

ఇంకొక మాట వినబడుతూ ఉంటుంది: "ఆరోగ్యశ్రీలో ఇచ్చేది చవక మందు, డబ్బు పెడితే మంచి మందు ఇస్తారు." 2007లో మొదలై పేరు మారుతూ వస్తున్న ఆ పథకంలో సిస్‌ప్లాటిన్ చికిత్సలు ఉన్నాయి. మందు చవక కావడానికి కారణం దాని మీద పేటెంటు ఎప్పుడో తీరిపోవడం. గుణం తగ్గడం కాదు. 2023లో ఇదే చవక మందు దొరకక అమెరికాలో కాన్సరు ఆసుపత్రులు అల్లాడిపోయాయి. గుజరాత్‌లోని ఒక కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోవడం దానికి ముఖ్య కారణం. నిజమైన ఖర్చు మందులో లేదు. కావలి నుండి పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళి, అయిదారు వారాలు అక్కడ గది అద్దెకు తీసుకుని, కూలి పోగొట్టుకుని, తోడు మనిషిని పెట్టుకోవడంలో ఉంది. రోగులు మధ్యలో మానేయడానికి అది కూడా కారణమే, దానిని పథకాలు లెక్కించవు.

చివరగా నా వృత్తి సోదరులతో ఒక తగవు. బంధువులు గది బయట చెయ్యి పట్టుకుని "అమ్మకు చెప్పకండి సార్, తట్టుకోలేదు" అంటారు. మనం తల ఊపుతాం. నేనూ ఊపాను, ఒకసారి కాదు, ముప్ఫై ఏళ్ళు ఊపాను. దయ అనుకున్నాను. అందులో సగం సోమరితనం. పేరు చెప్పకపోతే మందు చెప్పనక్కరలేదు, మందు చెప్పకపోతే ప్రశ్నలు రావు, ప్రశ్నలు రాకపోతే ఓపీ త్వరగా అయిపోతుంది. మనం ఖాళీగా వదిలిన ఆ స్థలంలోకే పొట్లాల మనిషి వచ్చి కూర్చుంటాడు. అతనికి శాస్త్రం తెలియదు, కాని రోగి పక్కన అరగంట కూర్చుంటాడు, ఆమె ఊరి మాటలో మాట్లాడతాడు. మనకు శాస్త్రం తెలిసి కూడా మూడు నిమిషాలు మిగలవు. ఆసుపత్రి అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. మందు పేరు, అది ఎందుకు, ఎన్ని విడతలు, నూటికి ఎందరికి మేలు, ఏ అవయవానికి కీడు, ఏ లక్షణం కనబడితే ఏ నంబరుకు ఫోను చేయాలి, ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. వేలిముద్ర వేసేవారికి దానిని చదివి వినిపించాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

పాఠకులారా, మీ ఇంట్లో ఎవరికైనా ప్లాటినం మందు రాసి ఉండి, ఆ కాగితాలు అర్థం కాకపోతే తీసుకుని రండి. సాయంత్రం అయిదు తరువాత ఇంట్లోనే ఉంటాను. క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న ఇతర మందుల చీటీలు మరిచిపోవద్దు. పొట్లాలు వాడుతూ ఉంటే వాటినీ తీసుకురండి. నేను కోప్పడను.